"గెట్" అన్న చిన్న మాటకు ఇన్ని అర్థాలు... వాక్యంలో పట్టుకునేది ఎలా?

తెలుగుమీడియం_తమ్ముడు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఇంగ్లీషులో "గెట్" దగ్గర ఇరుక్కుపోతున్నాను. నిఘంటువు తెరిస్తే పొందు, తెచ్చు, చేరు, అవు, గ్రహించు అంటూ పేజీ నిండా ఉన్నాయి. బట్టీ పట్టినా వాక్యం ఎదురయ్యేసరికి ఏది వేయాలో తెలియదు. ఈ ఐదూ ఒకే పాడ్‌కాస్ట్‌లో వచ్చాయి:

"ఐ గాట్ సోక్డ్."
"ఐ గాట్ హిమ్ టు సైన్ ఇట్."
"వుయ్ నెవర్ గెట్ టు టాక్."
"ఐ డోంట్ గెట్ ఇట్."
"ఐ విల్ గెట్ ద డోర్."

ఐదింటికీ కలిపి ఒక సూత్రం ఏదైనా ఉందా? ఇంకో రెండు సందేహాలు. "ఐయామ్ గెటింగ్ లేట్" తప్పట, ఎందుకు? విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ ఉంది కదా, దాని రైటింగ్‌లో అసలు గెట్ రాయకూడదంటున్నారు, నిజమేనా?

---

పెన్నా_ఒడ్డు:

అర్థాన్ని గెట్‌లో వెతక్కండి తమ్ముడూ, దాని తర్వాత వచ్చే మాటలో వెతకండి. నిఘంటువు జాబితా మీకు పనికిరాకపోవడానికి కారణం అదే. గెట్ ఒంటరిగా ఉన్నప్పుడు దాదాపు ఖాళీ మాట. తర్వాత నామవాచకం ఉందా, విశేషణం ఉందా, క్రియ మూడో రూపం ఉందా, "టు" ఉందా అన్నది చూస్తే అర్థం దానంతట అదే తేలుతుంది.

నామవాచకం వస్తే ఏదో ఒకటి మన దగ్గరికి వచ్చినట్టు. అది ఎలా వచ్చిందన్నది ఇంగ్లీషు చెప్పదు, తెలుగు చెప్పి తీరాలి. "ఐ గాట్ యువర్ మెసేజ్" అంటే మెసేజ్ అందింది. "షి గాట్ ఎ జాబ్" అంటే ఉద్యోగం దొరికింది. "వేర్ డిడ్ యు గెట్ దట్ షర్ట్?" అంటే ఎక్కడ కొన్నావు. "గెట్ మి సమ్ వాటర్" అంటే వెళ్లి నీళ్లు తెచ్చిపెట్టు. "హి గాట్ టైఫాయిడ్" అంటే టైఫాయిడ్ వచ్చింది. "హి గాట్ ఫైవ్ ఇయర్స్" అంటే ఐదేళ్ల శిక్ష పడింది. మీ ఐదో వాక్యం కూడా ఈ కోవలోదే, కాకపోతే తలుపు మన చేతికి రాదు, ఆ పని నేను చూసుకుంటానని అర్థం. బెల్లు మోగినప్పుడు అంటే వెళ్లి తీస్తానని. చేతుల నిండా సంచులున్న మనిషి "కెన్ యు గెట్ ద డోర్?" అంటే కాస్త తీసి పట్టుకోమని. "గెట్ ద ఫోన్" అంటే ఫోన్ ఎత్తు. హోటల్లో బిల్లు బల్ల మీదికి రాగానే "ఐ విల్ గెట్ దిస్" అంటే డబ్బులు నేను కడతానని.

విశేషణం వస్తే స్థితి మారినట్టు, మన "అవు", "పోవు" లాగా. "ఇట్స్ గెటింగ్ డార్క్" చీకటి పడుతోంది, "గెట్ రెడీ" తయారవ్వు, "షి గాట్ యాంగ్రీ" ఆమెకు కోపం వచ్చింది. ఇక్కడ ఒక గుంట ఉంది. "అయ్యాడు" అని తెలుగులో ఉన్న ప్రతిచోటా గెట్ పెట్టకూడదు. "డాక్టరయ్యాడు" అనడానికి "హి గాట్ ఎ డాక్టర్" అంటే డాక్టర్ని పిలుచుకొచ్చాడని అర్థమవుతుంది. నామవాచకానికి "బికేమ్" వాడాలి. రంగు మారడానికి, చెడిపోవడానికి ఎక్కువగా "గో", "టర్న్" వాడతారు: పాలు విరిగితే "ద మిల్క్ వెంట్ బ్యాడ్", ఆకులు పండితే "ద లీవ్స్ టర్న్డ్ యెల్లో".

క్రియ మూడో రూపం వస్తే మనకు ఏదో జరిగింది. మీ మొదటి వాక్యం ఇదే: నిలువునా తడిసిపోయాను. తెలుగులో "పోవు", "పడు" చివర చేరే మాటలు చాలావరకు ఇందులో ఇమిడిపోతాయి. మోసపోయాడు "గాట్ చీటెడ్", గాయపడ్డాడు "గాట్ ఇంజర్డ్", పట్టుబడ్డాడు "గాట్ కాట్", ఇరుక్కుపోయాడు "గాట్ స్టక్". "వాజ్ కాట్" అన్నా తప్పులేదు. తేడా ఏమిటంటే "వాజ్" కేవలం విషయం చెబుతుంది, "గాట్"లో అనుకోకుండా నెత్తిన పడిందనో, అదృష్టం తన్నిందనో ఒక ఛాయ ఉంటుంది. అందుకే "గాట్ ఫైర్డ్", "గాట్ ప్రమోటెడ్" మాటల్లో అంత ఎక్కువ. తెలియడం, నమ్మడం లాంటి స్థితి క్రియలతో మాత్రం ఇది కుదరదు. "ఇట్ వాజ్ బిలీవ్డ్" ఉంది, "ఇట్ గాట్ బిలీవ్డ్" లేదు.

ఇదే నమూనాలో ప్రశ్న, వ్యతిరేకం చేసేటప్పుడు "డిడ్" వస్తుంది: "డిడ్ యు గెట్ సెలెక్టెడ్?", "ఐ డిడ్ నాట్ గెట్ సెలెక్టెడ్". "డిడ్ నాట్ గాట్" అనేది మన దగ్గర ఎక్కువగా వినపడే తప్పు. భూతకాలం బరువు డిడ్ ఇప్పటికే మోస్తోంది, గెట్ మళ్లీ మోయక్కర్లేదు.

"టు" తర్వాత చోటు పేరు ఉంటే చేరుకోవడం: "వుయ్ గాట్ టు వరంగల్ ఎట్ నైన్". "టు" తర్వాత క్రియ ఉంటే అవకాశం దొరకడం: మీ మూడో వాక్యానికి "మనకు మాట్లాడుకునే వీలే చిక్కడం లేదు" అని అర్థం. కానీ "గెట్ టు నో" అంటే పరిచయం పెరగడం. "ఐ గాట్ టు నో దట్ ద ఆఫీస్ ఈజ్ క్లోజ్డ్" అని మనవాళ్లు "తెలిసింది" అనే అర్థంలో అంటుంటారు. అక్కడ "ఐ హర్డ్" గానీ "ఐ ఫౌండ్ అవుట్" గానీ కావాలి.

ఇక "ఐ డోంట్ గెట్ ఇట్". అర్థం కాలేదు. ఈ అర్థంలో "ఇంగ్" రూపం నప్పదు, అంచేత "ఐయామ్ నాట్ గెటింగ్ యు" అనకండి. సిగ్నల్ రాకపోతే మాత్రం "ఐయామ్ నాట్ గెటింగ్ ఎ సిగ్నల్" నిక్షేపంగా అనొచ్చు, అది అందుకోవడం కాబట్టి.

"గెటింగ్ లేట్" సంగతి. "నాకు లేటవుతోంది" అన్నప్పుడు లేటయ్యేది పొద్దు, "నాకు" అన్నది ఎవరికో చెబుతుందంతే. ఇంగ్లీషులో ఆ "నాకు" పోయి "ఐ" కర్తగా కూర్చుంటే, నేనే లేటుగా మారుతున్నానని వస్తుంది. "ఇట్స్ గెటింగ్ లేట్" అంటే పొద్దుపోతోంది. బయల్దేరాల్సిన వేళ దాటుతుంటే "ఐయామ్ రన్నింగ్ లేట్". "ఐయామ్ గెటింగ్ డౌట్" కూడా ఈ కుదురులోంచే వచ్చింది. "ఐ హ్యావ్ ఎ క్వశ్చన్" అంటే సరిపోతుంది.

---

సూదీ_దారం:

పెన్నా గారు మీ రెండో వాక్యాన్ని వదిలేశారు, నాకు మిగిల్చారనుకుంటా. మనవాళ్లు ఎక్కువ పొరపాట్లు చేసేది అక్కడే, అందుకే కొంచెం విడమరుస్తాను.

తెలుగులో "కుట్టాను", "కుట్టించాను" వేరువేరు. ఒక్క "ఇంచు" చేరితే పని చేసింది వేరే మనిషి అని తేలిపోతుంది. ఇంగ్లీషు క్రియకు అలాంటి తోక లేదు. ఆ పని గెట్‌తో చేస్తారు. జాకెట్టు దర్జీకిచ్చి "ఐ స్టిచ్డ్ ఎ బ్లౌజ్" అంటే మీరే మిషన్ తొక్కారని వినేవాళ్లు అనుకుంటారు. "ఐ గాట్ ఎ బ్లౌజ్ స్టిచ్డ్" అనాలి. "ఐ రిమూవ్డ్ మై టూత్" అంటే పన్ను మీ చేత్తో మీరే పీక్కున్నట్టు, "ఐ గాట్ ఎ టూత్ టేకెన్ అవుట్" అంటే పీకించుకున్నట్టు. కటింగ్ చేయించుకుంటే "ఐ గాట్ మై హెయిర్ కట్", కళ్లు పరీక్ష చేయించుకుంటే "ఐ గాట్ మై ఐస్ టెస్టెడ్".

మాటల వరుస గుర్తుంచుకోండి: గెట్, తర్వాత వస్తువు, ఆ తర్వాత మూడో రూపం. "ఐ గాట్ రిపేర్డ్ మై ఫోన్" అనేది తప్పు వరుస. "ఐ గాట్ మై ఫోన్ రిపేర్డ్". వస్తువును మధ్యలో ఇరికించడం మరిచిపోతే పెన్నా గారు చెప్పిన "నాకు జరిగింది" నమూనాలోకి జారిపోతుంది, రిపేరయింది ఫోనా మీరా అన్నట్టు ఉంటుంది.

ఎవరి చేత చేయించారో చెప్పాలంటే మనిషి, తర్వాత "టు", తర్వాత మామూలు క్రియ: "ఐ గాట్ ద మెకానిక్ టు చెక్ ద బ్రేక్స్". ఇదే పని "హ్యావ్", "మేక్"లతోనూ చెప్పొచ్చు గానీ వాటికి "టు" ఉండదు, రంగు కూడా వేరు. "ఐ హ్యాడ్ ద మెకానిక్ చెక్" అంటే అది అతని పనే, చెప్పాను, చేశాడు. "ఐ మేడ్ హిమ్ చెక్" అంటే మెడ మీద కూర్చుని చేయించాను. "ఐ గాట్ హిమ్ టు చెక్" అంటే ఒప్పించో, బతిమాలో, సర్దిచెప్పో చేయించాను. మీ వాక్యంలో సంతకం అలాంటిది. మొదట ఒప్పుకోని మనిషి చేత ఎలాగో పెట్టించాడు. తెలుగులో మూడూ "చేయించాను"లోకే వచ్చి పడతాయి, అందుకే మనవాళ్లు మూడింటికీ "మేడ్" వాడేస్తారు. ఆఫీసులో "ఐ మేడ్ మై మేనేజర్ అప్రూవ్ మై లీవ్" అంటే మేనేజర్‌ని లొంగదీసినట్టే ఉంటుంది.

---

వ్యాకరణం_వెంగళప్ప:

సూదీ దారం గారూ, చిన్న సవరణ. "ఇంచు" కనబడగానే గెట్ వేయమంటే పిల్లలు మునుగుతారు. ప్రేమించు, వివరించు, కత్తిరించు, గమనించు... వీటిలో ఇంచు ఉంది, చేయించడం లేదు. పరీక్ష సులువు: ఇంచు తీసేస్తే వాడుకలో క్రియ మిగలాలి. కుట్టించు లోంచి తీస్తే కుట్టు, కట్టించు లోంచి కట్టు, చేయించు లోంచి చేయు. ప్రేమించు లోంచి తీస్తే ప్రేమ మిగులుతుంది, అది క్రియ కాదు.

కట్టించడం విషయంలో ఇంకో మాట. "మా నాన్న ఇల్లు కట్టించారు" అనడానికి "మై ఫాదర్ బిల్ట్ ఎ హౌస్" తప్పు కాదు. మేస్త్రీలు కట్టారని అందరికీ తెలిసినదే కాబట్టి ఇంగ్లీషు వాళ్లూ అలాగే అంటారు. పన్ను, జుట్టు, బట్టల దగ్గరే ఇబ్బంది, ఎందుకంటే అవి మనమే చేసుకున్నామేమో అన్న అనుమానానికి తావుంది.

---

అమీర్‌పేట_స్టాప్:

పైన చెప్పినవి పుస్తకాల్లో దొరుకుతాయి. ఇండియాలో అందరికీ అర్థమై, బయటి దేశాల వాళ్లను గందరగోళపెట్టే గెట్‌లు రెండున్నాయి, అవి చెబుతా.

ఒకటి "గెట్ డౌన్". బస్సు దిగడానికి మనం వాడేది ఇదే. బ్రిటన్, అమెరికాల్లో "గెట్ ఆఫ్ ద బస్". వాళ్ల చెవికి "గెట్ డౌన్" అంటే వంగు, నేల మీద పడుకో అన్నట్టు, లేదా చెట్టు మీంచో గోడ మీంచో దిగమన్నట్టు. బస్సు, రైలు, విమానం, బైకులకు "ఆన్", "ఆఫ్". కారు, ట్యాక్సీ, ఆటోలకు "ఇన్", "అవుట్ ఆఫ్". లోపల నిలబడి నడవగలిగే వాహనమైతే, లేదా అటూ ఇటూ కాళ్లేసి కూర్చునేదైతే ఆన్. వంగి దూరి కూర్చోవాల్సినదైతే ఇన్. "ఐ గాట్ ఆన్ ద కార్" అంటే టాప్ మీదెక్కినట్టు.

రెండోది "తీసుకురా" అనే అర్థంలో గెట్. ఇక్కడి ఆఫీసుల నుంచి వచ్చే మెయిల్‌లో "ప్లీజ్ గెట్ యువర్ ఒరిజినల్ సర్టిఫికెట్స్ టుమారో" అని ఉంటుంది. మనకు వెంట తెచ్చుకోమని తెలుస్తుంది. బ్రిటన్‌లో పెరిగిన మనిషికి "రేపు ఎక్కడికో వెళ్లి సర్టిఫికెట్లు సంపాదించు" అన్నట్టు వినపడుతుంది. దగ్గరున్నది వెంట తేవడానికి "బ్రింగ్". వెళ్లి, తీసుకుని, తిరిగి రావడానికి గెట్. "పక్కగదిలోంచి కుర్చీ తే" అంటే గెట్ సరిపోతుంది, "నీ ఐడీ కార్డు తెచ్చుకో" అంటే బ్రింగ్ కావాలి.

---

తెలుగుమీడియం_తమ్ముడు:

అందరికీ ధన్యవాదాలు. "ఇంచు" పరీక్ష బాగా పనికొచ్చింది. గెట్ వెనకాల ఓవర్, అవే, బై లాంటి చిన్న మాటలు చేరినవి మాత్రం మిగిలిపోయాయి. వీటికైనా బట్టీ తప్పదా? "గెట్ ఓవర్ ఇట్", "గెట్ ఇట్ ఓవర్ విత్" రెండూ విన్నాను, ఒకటేనా?

---

పెన్నా_ఒడ్డు:

ఒకటి కాదు, బాగా దూరం. "గెట్ ఓవర్ ఇట్" అంటే ఆ బాధలోంచి, జబ్బులోంచి తేరుకో. విసురుగా అంటే "ఇక వదిలెయ్, ఎన్నాళ్లు పట్టుకు వేలాడతావు" అని. "గెట్ ఇట్ ఓవర్ విత్" అంటే ఇష్టం లేని పని తొందరగా కానిచ్చెయ్. ఇంజెక్షన్‌కు భయపడే పిల్లాడితో అనాల్సింది రెండోది. ఇంట్లో ఎవరో పోయి దుఃఖంలో ఉన్న మనిషితో "గెట్ ఓవర్ ఇట్" అంటే మొరటుతనం.

వీటిలో కొంత బట్టీ తప్పదు. అయినా అన్నీ ఒక్కసారే నెత్తికెత్తుకోకండి. రోజూ వినపడేవి కొన్నే. "గెట్ త్రూ": ఫోన్ లైను కలవడం, పరీక్ష గట్టెక్కడం. "గెట్ బై": ఉన్నదాంతో నెట్టుకురావడం. "గెట్ అలాంగ్": పొసగడం. బ్రిటన్ వాళ్లు దీనికే "గెట్ ఆన్" అంటారు, పెద్దాయన గురించి "హి ఈజ్ గెటింగ్ ఆన్" అంటే మాత్రం వయసు మీద పడుతోందని. "గెట్ అవే విత్": తప్పు చేసి శిక్ష లేకుండా తప్పించుకోవడం. ఇందులో "విత్" ఊడిపోతే ఊరికే పారిపోవడం, లేదా సెలవులకు ఎటైనా వెళ్లడం. "గెట్ అరౌండ్ టు": ఎప్పటినుంచో అనుకుంటున్న పనికి చివరికి తీరిక చేసుకోవడం, దీని తర్వాతి క్రియకు "ఇంగ్" రావాలి. "వాట్ ఆర్ యు గెటింగ్ ఎట్?" అంటే అసలు నువ్వు చెప్పదలుచుకున్నదేమిటి అని, కొంచెం అనుమానంతో.

"గెట్ ఆఫ్" ఒక్కదానికే మూడు నాలుగున్నాయి. బస్సు దిగడం పైన వచ్చింది. అమెరికాలో "ఐ గెట్ ఆఫ్ ఎట్ సిక్స్" అంటే ఆరింటికి డ్యూటీ అయిపోతుంది. "హి గాట్ ఆఫ్ విత్ ఎ ఫైన్" అంటే జైలు తప్పి జరిమానాతో బయటపడ్డాడు. "గెట్ ఆఫ్ ద ఫోన్" అంటే ఫోన్ పెట్టెయ్.

అలవాటుకు సంబంధించింది ఒకటి విడిగా రాసుకోండి. "ఐయామ్ గెటింగ్ యూజ్డ్ టు వేకింగ్ అప్ ఎర్లీ" అంటే పొద్దున్నే లేవడం అలవాటవుతోంది. ఇక్కడ "టు" తర్వాత "వేకింగ్", "వేక్" కాదు. "ఐ యూజ్డ్ టు వేక్ అప్ ఎర్లీ" అంటే ఒకప్పుడు లేచేవాణ్ని, ఇప్పుడు లేవట్లేదు. మొదటిది కొత్తగా అలవడుతున్నది, రెండోది పోయిన అలవాటు. పరీక్షలో పరాకుగా ఒకదాని బదులు ఇంకోటి రాస్తే అర్థం తిరగబడుతుంది.

---

బ్యాండ్_ఎనిమిది:

ఐఈఎల్‌టీఎస్ ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. గెట్ రాస్తే మార్కు కోసేస్తారన్న నియమం లేదు. రైటింగ్ టాస్క్ 2 వ్యాసంలో భాష కాస్త హుందాగా ఉండాలి, గెట్ మాటల్లో వాడేది కాబట్టి అక్కడ పలచగా కనిపిస్తుంది. పైగా ఒక వ్యాసంలో ఆరుసార్లు గెట్ వస్తే పదసంపద తక్కువని తెలిసిపోతుంది, నష్టం అక్కడ. పెన్నా గారి పద్ధతే తిప్పి వాడండి: అందుకోవడమైతే "రిసీవ్", ప్రయత్నించి సంపాదిస్తే "అబ్టెయిన్", మారడమైతే "బికమ్", చేరడమైతే "రీచ్", అర్థం చేసుకోవడమైతే "అండర్‌స్టాండ్". మూడో రూపంతో వచ్చే చోట "గాట్" తీసి "వాజ్", "వర్" పెడితే చాలు.

స్పీకింగ్‌లో దీనికి పూర్తిగా వ్యతిరేకం. "ఐ అబ్టెయిన్డ్ ఎ కోల్డ్" అంటే నవ్వుకుంటారు. అక్కడ "గెట్ బై", "గెట్ అరౌండ్ టు" లాంటివి సరైన చోట పడితే పదసంపదకు మేలే. జనరల్ ట్రైనింగ్ (ఈ పరీక్షలో ఉద్యోగం, వలస కోసం రాసే రకం) రాసేవాళ్లకు టాస్క్ 1లో స్నేహితుడికి ఉత్తరం వస్తే అక్కడా గెట్ హాయిగా వాడొచ్చు. ఫిర్యాదు ఉత్తరమైతే మళ్లీ "రిసీవ్" దగ్గరికి రండి.

---

వ్యాకరణం_వెంగళప్ప:

"గాట్", "గాటెన్" తేడా అడగలేదు గానీ రేపో మాపో అడుగుతారు. ఈ మాట ఇంగ్లండుకు స్కాండినేవియా నుంచి వలస వచ్చినవాళ్ల నార్స్ భాష నుంచి వచ్చింది, అక్కడ దాని రూపం "గేట". "ఫర్‌గెట్" దీనికి దగ్గర చుట్టమే. మూడో రూపం "గాటెన్" బ్రిటన్‌లో వాడుక తప్పింది, అమెరికాలో నిలిచింది. "ఫర్‌గాటెన్" మాత్రం రెండు చోట్లా ఉంది, తర్కం అడక్కండి.

అమెరికా వాళ్లు రెండింటినీ పని విడదీసి వాడతారు. "ఐ హ్యావ్ గాట్ ఎ టికెట్" అంటే టికెట్ నా దగ్గరుంది. "ఐ హ్యావ్ గాటెన్ ఎ టికెట్" అంటే సంపాదించాను. బ్రిటన్‌లో రెండింటికీ "గాట్" ఒక్కటే. "హ్యావ్ గాట్ టు" తర్వాత క్రియ వస్తే రెండు చోట్లా "చేసి తీరాలి". వేగంగా పలికితే "గాటా" అవుతుంది. ఇది పెన్నా గారు చెప్పిన "గెట్ టు"తో కలిసిపోకుండా చూసుకోండి: "ఐ గెట్ టు గో" వెళ్లే అవకాశం దొరికింది, "ఐ హ్యావ్ గాట్ టు గో" వెళ్లక తప్పదు.

వినడంలో ఇంకో చిక్కు. అమెరికా ఉచ్చారణలో రెండు అచ్చుల మధ్య పడ్డ "ట" నాలుక అలా తాకి వదిలేసినట్టు, మన "డ", "ర"ల మధ్యగా వినపడుతుంది. "గెట్ అప్" అన్నది "గెడప్", "గెట్ ఇట్" అన్నది "గెడిట్". పాడ్‌కాస్ట్‌లో మీకు గెట్ దొరకనట్టు అనిపించిన చోట్ల సగం ఇవే అయ్యుంటాయి.

---

తెలుగుమీడియం_తమ్ముడు:

నాలుగు వాక్యాలు రాశాను, దిద్దండి.
1. "ఐ గాట్ మై బైక్ సర్వీస్డ్."
2. "ఐ గాట్ టు హోమ్ ఎట్ టెన్."
3. "మై సిస్టర్ గాట్ మ్యారీడ్ విత్ ఎ బ్యాంక్ ఎంప్లాయీ."
4. "ఐ గాట్ మై ఫ్రెండ్ ఫిల్ ద ఫామ్."

---

సూదీ_దారం:

ఒకటోది సరిగ్గా ఉంది. రెండోదాంట్లో "టు" తీసేయండి. హోమ్, హియర్, దేర్ ముందు అది రాదు: "ఐ గాట్ హోమ్ ఎట్ టెన్". మూడోదాంట్లో "విత్" కాదు, "టు". మనం "అతనితో పెళ్లయింది" అంటాం కాబట్టి విత్ దూరుతుంది. "గాట్ మ్యారీడ్" పెళ్లి జరిగిన ఘటన, "ఈజ్ మ్యారీడ్" పెళ్లయి ఉన్న స్థితి, రెంటికీ "టు"నే. నాలుగోదాంట్లో ఫ్రెండ్ తర్వాత "టు" కావాలి: "ఐ గాట్ మై ఫ్రెండ్ టు ఫిల్ ద ఫామ్". "టు" లేకుండా రాయాలనుంటే గాట్ తీసి "హ్యాడ్" పెట్టండి, అప్పుడు మిగతా వాక్యం ఉన్నదున్నట్టే నిలబడుతుంది.